స్నేక్ నది లోయ, హెల్స్ కాన్యన్: లోతెంత, అక్కడ గనులేమిటి?

బోయిసీ బావ
జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. గ్రాండ్ కాన్యన్ పోయినసారే చూసేశారు. మా టీమ్‌లో ఒకాయన "దానికంటే లోతైనది మన పక్కనే ఉంది కదా, హెల్స్ కాన్యన్" అంటున్నాడు. నిజమేనా? మ్యాప్‌లో ఆరెగాన్, ఐడహో సరిహద్దు మీద స్నేక్ నది గీత తప్ప రోడ్లేమీ కనిపించడం లేదు. కానీ కొండ మీద కుప్రం అని ఒక ఊరు, నది ఒడ్డున యురేకా బార్ అని ఒక చోటు ఉన్నాయి. గనులుండేవా? ఉంటే అంత మారుమూలకి ఎలా వెళ్ళారు? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

సీమ చిన్నోడు
మా గండికోట చూపించు భయ్యా, వీసా ఖర్చు కూడా మిగుల్తుంది.

రాతిబిడ్డ
బావగారూ, మీ ఆఫీసాయన చెప్పింది నిజమే, కానీ ఒక మెలిక ఉంది. సెవెన్ డెవిల్స్ కొండల్లో హీ డెవిల్ అనే శిఖరం నుంచి కింద నది దాకా 7,993 అడుగులు. గ్రాండ్ కాన్యన్ లోతు సుమారు 6,000. లెక్కలో ఇదే గెలుస్తుంది. అయితే ఆ శిఖరం నది అంచునే లేదు, కొన్ని మైళ్ళు వెనక్కి ఉంది. గ్రాండ్ కాన్యన్‌లో పీఠభూమి అంచుకి కారులో వెళ్ళి తొంగి చూస్తే మొత్తం తెలుస్తుంది. ఇక్కడ అలా కుదరదు. ఒక గట్టు వెనక ఇంకో గట్టు, మెట్లు మెట్లుగా దిగుతూ పోతుంది. పైనుంచి చాలాచోట్ల నది కనిపించనే కనిపించదు. ఫోటోల్లో దీనికి అన్యాయం జరిగేది అందుకే.

రాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. లోయ అడుగున ఉన్నవి ఒకప్పుడు పసిఫిక్ సముద్రంలో ఉన్న అగ్నిపర్వత దీవుల రాళ్ళు. వయసు ఇరవై, ముప్ఫై కోట్ల ఏళ్ళ మధ్య. ఆ దీవులు జరుగుతూ జరుగుతూ వచ్చి ఉత్తర అమెరికాకి అతుక్కున్నాయి. వాటి మీద దుప్పటి కప్పినట్టు బసాల్ట్ లావా పొరలున్నాయి, అవి సుమారు 1.6 కోట్ల ఏళ్ళ నాటివి. మన వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే దక్కన్ బసాల్ట్‌కి దాదాపు 6.6 కోట్ల ఏళ్ళు. దాని ముందు ఇది పసిపిల్ల.

మీరడిగిన గనులకు మూలం కింది పొరలో ఉంది. పాత సముద్రపు సున్నపురాతిలోకి కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చింది. ఆ రెండూ ఒరుసుకున్న అంచుల్లో రాగి చేరింది. సెవెన్ డెవిల్స్ రాగి అంతా దాదాపు ఇలా ఏర్పడిందే.

బోయిసీ బావ
రాళ్ళు అన్ని కోట్ల ఏళ్ళవైతే లోయ వయసు కూడా అంతేనా?

రాతిబిడ్డ
కాదు, లోయ చాలా చిన్నది. ఇరవై ముప్ఫై లక్షల ఏళ్ళ కిందటి వరకూ స్నేక్ నది ఇటు వచ్చేదే కాదు. ఇప్పుడు మీరుంటున్న బోయిసీ ప్రాంతమంతా ఒక పెద్ద సరస్సు. శాస్త్రవేత్తలు దాన్ని లేక్ ఐడహో అంటారు. అది నిండి ఉత్తరాన ఒక తగ్గులోంచి పొంగి పారింది. ఆ నీరు పాత గట్టును కోసుకుంటూ కొలంబియా నది వైపు దారి చేసుకుంది. అన్ని వేల అడుగుల రాయిని అంత తక్కువ కాలంలో కోసిందన్నమాట.

ఆ తర్వాత, సుమారు 18,000 ఏళ్ళ కిందట, ఇంకో సంఘటన. ఇప్పటి గ్రేట్ సాల్ట్ లేక్ ఉంది చూడండి, అది బోనెవిల్ అనే మహా సరస్సులో మిగిలిన ముక్క. ఆ సరస్సు గట్టు తెగి, ఆ వరదంతా ఈ లోయలోంచే పోయింది. నది మలుపుల దగ్గర ఇప్పుడు కనిపించే ఎత్తయిన కంకర మేటలు చాలావరకు ఆ వరద వదిలి వెళ్ళినవే. అమెరికాలో వాటినే 'బార్' అంటారు. బంగారం కోసం మనుషులు తవ్వింది ఆ మేటల్నే.

తెడ్డు తాత
రాతిబిడ్డ గారు పైనుంచి చెప్పారు, నేను పడవలోంచి చెబుతాను. వైల్డ్ షీప్, గ్రానైట్ అని రెండు పెద్ద రాపిడ్లున్నాయి, అంటే బండల మధ్య నీళ్ళు ఉరవడిగా దూకే చోట్లు. హెల్స్ కాన్యన్ డ్యామ్ దాటి కొద్ది మైళ్ళు పోగానే వస్తాయి. రబ్బరు తెప్పలో కూర్చున్నవాడికి అక్కడ లోతు, ఎత్తు, భూగర్భ శాస్త్రం ఏవీ గుర్తుండవు, కులదైవం ఒక్కటే గుర్తుంటుంది. వాటిని దాటితే నీళ్ళు నెమ్మదిస్తాయి. మేటల మీద పాత కట్టడాల పునాదులు, రాళ్ళ కుప్పలు కనబడతాయి. ఆ కుప్పలు నది పేర్చినవి కావు. కంకర కడిగేటప్పుడు పెద్ద రాళ్ళను ఏరి పక్కన వేసేవారు, అవి అలాగే ఉండిపోయాయి.

ఇంకో సంగతి. 1811లో విల్సన్ ప్రైస్ హంట్ అనే ఆయన బొచ్చు వ్యాపారం బృందంతో పసిఫిక్ తీరానికి పోతూ ఈ లోయలోంచి దారి ఉంటుందనుకున్నాడు. డిసెంబరు చలి, తిండి లేదు. సగంలో వెనక్కి తిరిగాడు. ఇప్పటికీ లోయ నట్టనడుమ పొడుగునా పోయే రోడ్డు లేదు.

సీమ చిన్నోడు
తాతా, బంగారం దొరికిందా లేదా, అది చెప్పు ముందు.

తెడ్డు తాత
దొరికింది, కానీ పిండి రూపంలో. పైనెక్కడో పుట్టి స్నేక్ నదిలో వందల మైళ్ళు నలిగి వచ్చిన బంగారం కదా. అంత మెత్తని రేణువులు నీటి మీద తేలిపోతాయి. మామూలు పళ్ళెంతో కడిగితే చేతికి రాదు. చెక్క తొట్టెల్లో కంకర పోసి, నీళ్ళు పారించి, అడుగున మిగిలినదాన్ని పాదరసంతో పట్టాలి. రోజంతా ఒళ్ళు హూనం చేసుకుంటే వచ్చేది కూలి డబ్బుల కంటే ఓ పిసరు ఎక్కువ. తెల్లవాళ్ళకి విసుగొచ్చి వదిలేసిన ఇలాంటి మేటల్ని ఈ ప్రాంతమంతటా ఎక్కువగా తవ్వి కడిగింది చైనా కూలీలు. వాళ్ళ కథ ఇక్కడ బాగా చదివినవాళ్ళు ఉన్నారు, నేను ముట్టుకోను.

కొత్తగూడెం కుర్రాడు
రాగి సంగతి నాకు వదిలేయండి, మైనింగ్ చదివినవాణ్ణి.

అక్కడ రాగి ఉందని లీవై ఆలెన్ అనే ప్రాస్పెక్టర్‌కి (ఖనిజాలు వెతుక్కుంటూ తిరిగేవాడు) 1862లోనే తెలుసు. పీకాక్ గని అలా మొదలైంది. కానీ గని తెరిస్తే సరిపోదు కదా. మా ఇల్లెందు బొగ్గు నిలబడిందంటే డోర్నకల్ నుంచి రైలు పట్టా వేయబట్టే. సెవెన్ డెవిల్స్‌లో ఖనిజం బాగుంది, రైలు లేదు. గుర్రాల మీద మోస్తే మంచి గ్రేడు రాయి మాత్రమే గిట్టుబాటు అవుతుంది, మిగతాదంతా అక్కడే పారేసుకోవాలి.

అప్పుడు ఆల్బర్ట్ క్లైన్‌ష్మిట్ అనే మోంటానా వ్యాపారి దిగాడు. 1890, 91లలో గనుల దగ్గర నుంచి నది దాకా కొండ అంచున 22 మైళ్ళ బండి దారి తొలిపించాడు. ఖనిజం బండ్ల మీద నదికి దిగాలి, అక్కడ స్టీమర్ ఎక్కాలి, ఎగువకు పోయి రైలు అందుకోవాలి. ఇదీ ప్లాన్. దానికోసం 1891లో నార్మా అని 165 అడుగుల స్టీమర్ కూడా కట్టారు. దారి పూర్తయింది, స్టీమర్ తేలింది, లెక్క మాత్రం తేలలేదు. నదిలో ఆ మేర స్టీమర్ నిలకడగా నడపడం కుదరలేదు. తర్వాత 1893 ఆర్థిక సంక్షోభం. పని లేక పడున్న నార్మాని 1895లో కెప్టెన్ విలియం గ్రే ఈ లోయలోంచే కిందికి నడిపి దిగువనున్న లూయిస్టన్ అనే ఊరు చేర్చాడు. బండలకు కొట్టుకుని చిల్లులు పడినా పడవ బతికింది. అంతకుముందు 1870లో షొషోనీ అనే స్టీమర్ కూడా అలాగే దిగింది. రెండు సందర్భాల్లోనూ లోయలో వ్యాపారం చేయడానికి కాదు, అక్కడి నుంచి బయటపడటానికి.

సరే, రైలైనా వేద్దామని 1899లో వీజర్ నుంచి పట్టా మొదలుపెట్టారు. పేరు పసిఫిక్ అండ్ ఐడహో నార్తర్న్. లక్ష్యం సెవెన్ డెవిల్స్ రాగి. 1901కి కౌన్సిల్ అనే ఊరు, 1911కి న్యూ మెడోస్ చేరింది. గనుల కొండ మాత్రం ఎక్కనే లేదు. మీరు అడిగిన కుప్రం ఆ రాగి కాలపు ఊరే.

బోయిసీ బావ
యురేకా బార్ కూడా ఇదే కథా?

కొత్తగూడెం కుర్రాడు
అది లోయకి ఉత్తరం కొసన, ఇమ్నాహా నది వచ్చి కలిసేచోటికి దగ్గర. అక్కడ కథ ఇంకా వేగంగా ముగిసింది. రాగి అన్నారు, బంగారం అన్నారు, వాటాలు అమ్మారు. మిల్లు కట్టడానికి రాతి పునాదులు మెట్లు మెట్లుగా లేపారు. లూయిస్టన్ నుంచి సామాను తేవడానికి 1903లో ఇమ్నాహా అని ఒక స్టీమర్ కట్టారు. ప్రవాహానికి ఎదురు పోలేనిచోట గట్టు బండలకు ఇనుప రింగులు దిగ్గొట్టి, తాడు కట్టి, పడవని మరతో పైకి లాక్కునేవాళ్ళు. అదే ఏడాది నవంబరులో మౌంటెన్ షీప్ రాపిడ్ దగ్గర పడవ అదుపు తప్పి బండలకు కొట్టుకుని ముక్కలైంది. మరుసటేడు ఇంకో స్టీమర్ దించారు కానీ ఆ గని కోలుకోలేదు. పునాదులు ఇప్పటికీ ఉన్నాయి. నన్నడిగితే అక్కడ వాటాదారుల జేబుల్లోంచి తవ్వినంత రాగి కొండలోంచి తవ్వలేదు.

పాత కాగితాలు
తాతగారు నాకు వదిలిన భాగం రాస్తాను. కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

ఈ లోయ నెజ్ పెర్స్ జాతిది. వాళ్ళు తమని నిమీపూ అనుకుంటారు. 1855 ఒప్పందంలో ఈ నేల చాలావరకు వాళ్ళకే ఉంచారు. 1860లో ఆ నేల మీదే, లోయకి ఈశాన్యంగా ఉన్న కొండల్లో, ఎలియాస్ పియర్స్ బృందానికి బంగారం దొరికింది. వేలమంది ఎగబడ్డారు. మూడేళ్ళు తిరగకుండానే, 1863లో, ప్రభుత్వం కొత్త ఒప్పందం తెచ్చి వాళ్ళ నేలలో పదింట తొమ్మిది వంతులు లాక్కుంది. ఆరెగాన్ వైపు వాలోవా లోయలో ఉన్న ముసలి జోసెఫ్ దానిమీద సంతకం పెట్టలేదు. ఆయన పోయాక కొడుకు నాయకుడయ్యాడు, అతని పేరూ జోసెఫే. 1877లో జనరల్ హోవార్డ్ ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. అది మంచు కరిగి నది పొంగే కాలం. ముసలివాళ్ళు, పిల్లలు, వేల గుర్రాలు, పశువులతో డగ్ బార్ అనే చోట స్నేక్ నది దాటారు. మనుషులు బతికి బయటపడ్డారు, పశువులు చాలా కొట్టుకుపోయాయి. కొద్ది రోజులకే యుద్ధం. వెయ్యి మైళ్ళకు పైగా తరిమాక, కెనడా ఇంకో నలభై మైళ్ళుందనగా, అక్టోబరు 5న లొంగిపోయారు. జోసెఫ్‌ని మళ్ళీ వాలోవాలో బతకనివ్వలేదు. 1904లో వేరే రిజర్వేషన్‌లో పోయాడు.

సరిగ్గా పదేళ్ళ తర్వాత, అదే డగ్ బార్‌కి దగ్గర్లో, డీప్ క్రీక్ వచ్చి నదిలో కలిసే చిన్న మలుపు. 1886 శరదృతువులో లూయిస్టన్ నుంచి చైనా కూలీలు పడవల్లో ఎగువకు వచ్చి ఆ మేటల మీద బంగారం కడుగుతున్నారు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చినవాళ్ళు. 1887 మే నెలలో వాలోవా వైపు నుంచి ఏడుగురు తెల్లవాళ్ళు గట్టు మీదికి చేరారు. గుర్రాల దొంగలు, పశువుల కాపర్లు, వాళ్ళలో ఒకడికి పదిహేనేళ్ళే. పైనుంచి తుపాకులతో కాల్చారు. కింద ఉన్నవాళ్ళకి వెనక కొండ, ముందు నది. పారిపోయే చోటు లేదు. చచ్చిపోయినవాళ్ళు 34 మంది దాకా ఉంటారని లెక్క. శవాలు కొట్టుకుపోయి అరవై మైళ్ళకు పైగా దిగువనున్న లూయిస్టన్ దగ్గర తేలితేగానీ లోకానికి తెలియలేదు.

ఆ కూలీలు సామ్ యుప్ అనే చైనా వర్తక సంఘం మనుషులు. ఆ సంఘమే జోసెఫ్ విన్సెంట్ అనే స్థానిక న్యాయాధికారిని పెట్టి విచారణ చేయించింది. ముఠాలో ఒకడు అప్రూవర్‌గా మారాడు. నాయకుడు ఎవాన్స్, ఇంకో ఇద్దరు పారిపోయారు. మిగిలిన ముగ్గుర్ని 1888లో ఎంటర్‌ప్రైజ్ అనే ఊళ్ళో విచారించి నిర్దోషులని వదిలేశారు. ఒక్కడికీ శిక్ష పడలేదు. ఎంత బంగారం దోచారన్నదానికి ఒక లెక్కకి ఇంకో లెక్కకి పొంతన లేదు.

కేసు కాగితాలు దశాబ్దాలపాటు ఎవరి కంటా పడలేదు. 1995లో కౌంటీ గుమాస్తా ఒక పాత ఇనప్పెట్టె తెరిస్తే అందులో దొరికాయి. 2005లో ఆ చోటుకి చైనీస్ మాసకర్ కోవ్ అని అధికారికంగా పేరు పెట్టారు. 2012లో ఒక గ్రానైట్ రాయి నిలబెట్టారు. దాని మీద ఇంగ్లీషు, చైనీస్, నెజ్ పెర్స్ మూడు భాషల్లో రాసి ఉంటుంది.

వీకెండ్ వీరుడు
అక్కా, అంతా నిజమే కావచ్చు. కానీ ఆయన అమ్మానాన్నని తీసుకెళ్ళే ట్రిప్ అడిగాడు. శవాలు, కోర్టు కేసులు ఎందుకిప్పుడు? మూడ్ పాడవడం తప్ప.

పాత కాగితాలు
గనుల గురించి అడిగింది ఆయనే. ఈ లోయలో గని పని అంటే ఇదే మరి. రాగి కంపెనీల గురించి రాస్తే మూడ్ బాగుండి, కూలీల గురించి రాస్తే పాడవుతుందా?

టకోమా తులసి
అక్కతో నేను ఏకీభవిస్తా. ఆ హత్యలకి అయిదేళ్ళ ముందే, 1882లో, చైనా కూలీలు రాకుండా చట్టం చేశారు. ఆ గాలి తర్వాత మనవైపు కూడా తిరిగింది. 1907 సెప్టెంబరులో మా వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే పంజాబీలను ఇళ్ళలోంచి ఈడ్చి ఊరు దాటించారు. మనం ఇక్కడ ల్యాప్‌టాపులతో దిగాం కాబట్టి అవన్నీ వేరే ఎవరి చరిత్రో అనుకుంటాం.

మోడరేటర్
ఇమిగ్రేషన్ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ లోయ దగ్గరే ఉందాం. 1907 పోస్టు తీసేయడం లేదు.

గోదారి గట్టు
ఒక సందేహం. దీన్ని అడవి నది, అంటే అడ్డుకట్ట లేని నది అంటుంటారు, ఇక్కడేమో డ్యామ్ దాటాక రాపిడ్లు అంటున్నారు. డ్యామ్ ఉన్నది అడవి నది ఎలా అవుతుంది? పాపికొండల దగ్గర పుట్టినవాణ్ణి, డ్యామ్ అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి.

తెడ్డు తాత
మంచి ప్రశ్న. మూడు డ్యాములున్నాయి. బ్రౌన్లీ 1950ల చివర్లో, ఆక్స్‌బో 1961లో, హెల్స్ కాన్యన్ డ్యామ్ 1967లో పూర్తయ్యాయి. కట్టింది ఐడహో పవర్. వాటి పైనున్న లోయంతా ఇప్పుడు జలాశయాలే. అడవి నది అనేది మూడో డ్యామ్ కింద మొదలవుతుంది. బ్రౌన్లీ దగ్గర చేపల్ని దాటించడానికి ఏవేవో వలలు పెట్టారు, పారలేదు. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వచ్చే సాల్మన్‌కి ఇక అక్కడితో దారి మూసుకుపోయింది.

గోదారి గట్టు
మా పులసకి ధవళేశ్వరం ఎంతో దీనికి బ్రౌన్లీ అంత. సరే, కింద ఇంకో డ్యామ్ ఎందుకు కట్టలేదు? వదిలేసే రకాలు కాదే.

తెడ్డు తాత
వదల్లేదు. ఇమ్నాహా, సాల్మన్ నదులు కలిసేచోటికి దగ్గర్లో హై మౌంటెన్ షీప్ అని 670 అడుగుల డ్యామ్ కట్టాలని ప్లాన్ వేశారు. ప్రైవేటు కంపెనీలు కట్టాలా, ప్రభుత్వ రంగం కట్టాలా అని కొట్లాట. కేసు సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1967 జూన్‌లో జస్టిస్ విలియం డగ్లస్ రాసిన తీర్పు రెండు పక్షాల నోరూ మూయించింది. ఎవరు కట్టాలన్నది తర్వాత, అసలు కట్టకుండా ఉండటమే ప్రజలకి మేలేమో ముందు అది తేల్చండి అంది. అక్కడి నుంచి గాలి మారింది. 1975 డిసెంబరు 31న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో హెల్స్ కాన్యన్ నేషనల్ రిక్రియేషన్ ఏరియా వచ్చింది. సుమారు ఆరున్నర లక్షల ఎకరాలు, అందులో రెండు లక్షలకు పైగా పూర్తి అడవిగా వదిలేశారు.

కొత్తగూడెం కుర్రాడు
తాతా, తీర్పు మంచిదే. కానీ పై మూడు డ్యాములు కలిపి 1,100 మెగావాట్లకు పైగా ఇస్తున్నాయి. బోయిసీలో కరెంటు చవకగా వస్తుందని మురిసిపోయేవాళ్ళు చేపల గురించి కన్నీళ్ళు పెట్టుకుంటే నాకు నవ్వొస్తుంది.

తెడ్డు తాత
నవ్వుకో తమ్ముడూ. ఆ డ్యాముల లైసెన్సు గడువు 2005లోనే ముగిసింది, ఆ తర్వాత చేపలు, నీటి వేడి మీద బేరాలు ఏళ్ళ తరబడి సాగాయి. అంత తేలిగ్గా నవ్వేసే సంగతైతే ఎప్పుడో తేల్చేసేవాళ్ళు.

రాతిబిడ్డ
మధ్యలో దూరుతున్నా. నాలుగో డ్యామ్ కట్టి ఉంటే యురేకా పునాదులు, డగ్ బార్, ఆ గ్రానైట్ రాయి నిలిచిన మలుపు అన్నీ నీళ్ళ కింద ఉండేవి. ఇందాక కాగితాలు గారు రాసినదానికి ఇనప్పెట్టె ఒక్కటే మిగిలేది.

వీకెండ్ వీరుడు
జెట్ బోట్లు మాత్రం అనుమతిస్తారట కదా? అడవి అంటూనే ఆ మోత ఏమిటి?

తెడ్డు తాత
దానికి చట్టం చేసేటప్పుడే చోటిచ్చారు. లోయలో పశువుల కాపరుల ఇళ్ళకి ఉత్తరాలు, సామాను పడవల్లోనే వెళ్ళేవి. తెప్పలవాళ్ళకీ జెట్ బోట్ల వాళ్ళకీ ఇప్పటికీ పడదు. నాది తెప్ప పార్టీ, నన్ను న్యాయం అడక్కు.

బోయిసీ బావ
అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మూడు ప్రశ్నలు. అరవై దాటినవాళ్ళతో ఎటు వెళ్ళాలి? ఆ చైనా కూలీల చోటు చూడొచ్చా? నాన్న బంగారం కడుగుతానంటున్నారు, ఒప్పుకుంటారా?

రాతిబిడ్డ
బోయిసీ నుంచి వీజర్, కేంబ్రిడ్జ్ మీదుగా బ్రౌన్లీ, ఆక్స్‌బో. అక్కడి నుంచి జలాశయం పక్కనే ఇరవై మైళ్ళ చిల్లర తారు రోడ్డు. డ్యామ్ దాటి కాస్త దిగితే విజిటర్ సెంటర్, రోడ్డు అక్కడితో సరి. మూడు గంటలకు పైగా పడుతుంది. ఆ దగ్గర్నుంచే జెట్ బోట్ టూర్లుంటాయి, పెద్దవాళ్ళకి అదే హాయి. పైనుంచి చూడాలంటే ఆరెగాన్ వైపు హ్యాట్ పాయింట్, ఐడహో వైపు హెవెన్స్ గేట్. రెండూ మట్టి రోడ్లు, మంచు కరిగే దాకా తెరవరు. జూన్‌లో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పాత కాగితాలు
కోవ్‌కి ఆ డ్యామ్ నుంచి వెళ్ళడం పెద్దవాళ్ళతో కష్టం, చాలా దిగువన ఉంది. లూయిస్టన్ నుంచి ఎగువకు వచ్చే పడవలు దగ్గర. ఎక్కేముందు అక్కడ ఆపుతారా అని అడగండి, అన్నీ ఆపవు.

కొత్తగూడెం కుర్రాడు
బంగారం సంగతి: 1975 చట్టంతోనే అక్కడ కొత్త గని క్లెయిములు ఆపేశారు. పళ్ళెంతో కడగడం గురించి ఫారెస్ట్ ఆఫీసులో అడక్కుండా నదిలో చెయ్యి పెట్టనివ్వకండి. పాత గుడిసెల దగ్గర కనబడే తుప్పు మేకులు, సీసాలు కూడా జేబులో వేసుకోకూడదు, కేసవుతుంది. ఇంకొకటి, మ్యాప్ చూసి క్లైన్‌ష్మిట్ దారిలో కుప్రం వెళ్దామని మీకు అనిపిస్తుంది. ఇప్పటికీ కార్లు వెళ్తాయి. కానీ ఒకటే లేన్, పక్కన రెయిలింగ్ లేదు, ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు రివర్స్‌లో పోవాలి.

సీమ చిన్నోడు
రివర్స్ అంటే మా ఘాట్ రోడ్డు డ్రైవర్ని పంపిస్తా. టికెట్ నువ్వే పెట్టుకోవాలి బావా.

బోయిసీ బావ
జెట్ బోట్ బుక్ చేశా. కుప్రం నేనొక్కణ్ణే ఆగస్టులో వెళ్తా, ఎవరైనా వస్తారా?

కొత్తగూడెం కుర్రాడు
నేనొస్తా. స్పేర్ టైరు రెండు పెట్టు.